‘పూర్ణ’ శబ్దమును ‘అంతయు’ శబ్దమును: మార్కు సువార్తలో సమగ్రభక్తి

దేవుని పూర్ణహృదయముతో ప్రేమింపవలెనను ఆజ్ఞ క్రైస్తవ భక్తిజీవనమునకు మూలసూత్రము. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయమున దీనికి హృదయము, ఆత్మ, శక్తి అని మూడంగములు. మార్కు సువార్త 12వ అధ్యాయమున వివేకము చేరి నాలుగైనవి. హీబ్రూ భాషలో హృదయము ఆలోచనకు సైతము స్థానము గనుక, గ్రీకు పాఠకులకై దానిని విడదీసి చెప్పవలసివచ్చెనని పండితుల సమాధానము. అది సమంజసమే. కాని అంగముల లెక్కకంటె వానికి ముందున్న విశేషణమే ముఖ్యమని మా అభిప్రాయము.

గ్రీకు మూలమున ఆ విశేషణము ‘హోలొస్’. ఆజ్ఞలో నాలుగుమారులు వచ్చిన యీ శబ్దము శాస్త్రి ప్రత్యుత్తరమున మరల వినవచ్చును. పిమ్మట, కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన బీద విధవరాలి కథ చివర, ఆమె వేసిన ‘జీవనము’నకు విశేషణముగా ఇంకొకమారు కనబడును. ఇది యాదృచ్ఛికమా? మత్తయి ఆ కథనే విడిచెను. లూకా ఆజ్ఞను 10వ అధ్యాయమునను, కథను 21వ అధ్యాయమునను ఉంచెను. రెంటిని ఒకే అధ్యాయమున కూర్చినవాడు మార్కు ఒక్కడే. ఆజ్ఞకు వ్యాఖ్యానము ఆ కథయే యని మేము తలంచుచున్నాము.

భారత బైబిలు సంఘమువారి ప్రచురణగా బహుళప్రచారమందున్న తెలుగు అనువాదమున ఈ సూత్రము తెగినది. ఆజ్ఞలో ‘పూర్ణ’ శబ్దము, కథలో ‘అంతయు’ అను శబ్దము వాడబడినవి. ‘పూర్ణము’ అనగానే మనకు నిండుకుండ స్ఫురించును. భక్తి యనగా భావము పొంగిపొరలుటయే యను భ్రమకు అది తావిచ్చును. ‘అంతయు’ అనుమాటకు శేషము లేకుండుట ప్రధానము. విధవరాలియొద్ద నిండుదన మెక్కడిది? లేమిలో సైతము ‘అంతయు’ ఉండవచ్చును. గ్రీకు శబ్దమునకు ఈ తెలుగుమాటయే సన్నిహితము. ‘జీవనము’ మాత్రము చక్కని ఎన్నిక: మూలశబ్దమగు ‘బియొస్’ వలెనే బ్రతుకును, బ్రతుకుతెరువును రెంటిని తెలుపుచున్నది.

ఆమె ఒక కాసు దాచుకొనవచ్చునుగదా యని 18వ శతాబ్దిలో జర్మను వ్యాఖ్యాత బెంగెలు సూచించెను. ఆ చిన్న గమనికలో ఎన్నో ప్రసంగములకు మించిన సారము కలదు.

అడిసన్ రైట్ 1982లో వేరొక ప్రశ్న లేవనెత్తెను: ప్రభువు మాటలు ప్రశంసయా, విలాపమా? కథకు ముందే విధవరాండ్ర యిండ్లను దిగమింగు శాస్త్రులపై ఖండన కలదు. ఆమెవలె చేయుడని ఎవ్వరికిని ఆజ్ఞ లేదు. ఈ ఆక్షేపము బలమైనదే. ఈ కథను చందాలకొరకు ఉదాహరించువారు దీనిని తప్పక చదువవలెను. అయినను విలాపమను నిర్ణయముతో ‘హోలొస్’ పునరుక్తికి సమాధానము దొరకదు. ఇచ్చినదాని సమగ్రత వేరు, పుచ్చుకొన్నవారి యోగ్యత వేరు. మార్కు రెంటిని పక్కపక్కనే యుంచి విడిచెను.

శాస్త్రితో నీవు దేవుని రాజ్యమునకు దూరముగా లేవని ప్రభువు పలికెను. విధవరాలితో ఏమియు పలుకలేదు. శిష్యులను పిలిచి వారితో చెప్పెను. ఆమె ఆ మాట వినెనో లేదో మార్కు చెప్పడు.