ప్రత్యేక విద్యలో కులం: ముట్టుకుని నేర్పే చదువు మీద ఒక విమర్శ

ప్రత్యేక విద్య చరిత్రను పంచతంత్రంతో మొదలుపెట్టే అలవాటు మనదేశంలో ఒకటుంది. అమరశక్తి అనే రాజుకు ముగ్గురు మందబుద్ధి కొడుకులు. విష్ణుశర్మ కథలు చెప్పి ఆరు నెలల్లో వాళ్ళకు నీతిశాస్త్రం నేర్పాడు. కాబట్టి మొట్టమొదటి ప్రత్యేక విద్యా గ్రంథం మనదేనని గర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకోనీయండి. మరి ఏకలవ్యుడి సంగతేమిటి? నేర్చుకోలేని రాజకుమారులకు గురువు దొరికాడు. ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్న నిషాదుడికి గురువు బొటనవేలు లేకుండా చేశాడు. అంటే అతన్ని వికలాంగుణ్ణి చేసింది చదువు చెప్పే వృత్తే గదా! ఈ రెండో కథ ప్రత్యేక విద్య చరిత్రలోకి ఎందుకు రాదు?

మేము పురాణాల లెక్క తేల్చడానికి కూర్చోలేదు. వికలాంగ పిల్లలకు చదువు చెప్పే టీచర్లను తయారుచేసే బి.ఇడి., ఎం.ఇడి. స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సుల గురించి మాట్లాడుతున్నాం. మా వాదన ఒక్కటే. ఇది ముట్టుకుని నేర్పాల్సిన చదువు. అంటరానితనం మీద నిలబడ్డ సమాజంలో ముట్టుకుని నేర్పే టీచర్‌ను తయారుచేస్తూ, అంటరానితనం గురించి లోతుగా మాట్లాడకపోవడం మరుపు కాదు, రాజకీయం.

ఈ శిక్షణకు చట్టబద్ధమైన కాపలా గట్టిగానే ఉంది. మానసిక వికలాంగుల జాతీయ సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడింది. 1992లో భారత పునరావాస మండలి చట్టం వచ్చింది. కోర్సుకు గుర్తింపు ఇచ్చేదీ, పాఠ్యప్రణాళిక రాసేదీ, పాసైనవాళ్ళ పేర్లు రిజిస్టరులో ఎక్కించేదీ ఆ మండలే. రిజిస్టరులో పేరు లేకుండా ఈ వృత్తి చేస్తే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా అని ఆ చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. 2015లో బి.ఇడి. రెండేళ్ళయింది. 1995 చట్టంలో ఏడుగా ఉన్న వికలాంగతల జాబితా 2016 చట్టంలో 21కి పెరిగింది. ఎవరు నేర్పాలి, ఎంతకాలం చదవాలి, ఏ వికలాంగతకు ఏ పద్ధతి అన్నవి ఇంత పకడ్బందీగా రాసుకున్నారు. పిల్లవాడి ఇల్లు ఊళ్ళో ఉందా, వాడలో ఉందా అన్న ప్రశ్నకు మాత్రం అందులో చోటు దొరకలేదు.

ఈ తరగతుల్లో నేర్పే పద్ధతి చూద్దాం. బౌద్ధిక వికలాంగత ఉన్న పిల్లకు ఒక పని నేర్పాలంటే దాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టాలి. ముందు నోటితో చెప్పాలి. అర్థం కాకపోతే సైగ చెయ్యాలి, చేసి చూపించాలి. అదీ చాలకపోతే ఆమె చెయ్యి పట్టుకుని చేయించాలి. క్రమంగా ఆ పట్టు సడలిస్తూ రావాలి. ఇది శాస్త్రీయమైన పద్ధతే, పనిచేసే పద్ధతే. దీన్ని మేము తప్పుపట్టడం లేదు. కానీ దీనికి ఏమేం కావాలో చూడండి. అన్నం ముద్ద కలిపే చేతిని టీచర్ తన చేత్తో పట్టుకోవాలి. చొంగ తుడవాలి. దొడ్డికి పోయాక కడుక్కోవడం నేర్పాలి. అంబేద్కర్ చిన్నతనంలో బడిలో నీళ్ళకుండ ముట్టుకోకూడదు. ప్యూను పైనుంచి పోస్తేనే దాహం తీరేది. పైనుంచి పోసే నీళ్ళతో ఆ బడి నడిచింది. ప్రత్యేక విద్య అట్లా నడవదు. దూరం నుంచి పాఠం చెప్పి తప్పించుకునే వీలు మామూలు టీచర్‌కు కొంత ఉంది, ఈ టీచర్‌కు లేదు.

మరి ఆ చెయ్యి ఎవరు పట్టుకుంటున్నారు? ప్రత్యేక పాఠశాలల్లో ఆయా అనే మనిషి ఒకరుంటుంది. పిల్లల్ని ఎత్తుకునేదీ, బట్టలు మార్చేదీ, కడిగేదీ, తినిపించేదీ ఆమే. డిగ్రీ ఉన్న టీచర్ చేతిలో కాగితం, ఆయా చేతిలో పిల్ల. సాయంత్రానికి ఆ పిల్ల ఏ మెట్టుదాకా వచ్చిందో టీచర్ కాగితం మీద టిక్కు పెడుతుంది. కులం పనిని మాత్రమే పంచదు, పనిచేసే మనుషుల్నే మెట్లుమెట్లుగా విడదీస్తుందని అంబేద్కర్ 1936లోనే చెప్పాడు. దానికి ఉదాహరణ కావాలంటే ప్రత్యేక పాఠశాల బాత్‌రూం దగ్గరికి రండి. మలమూత్రాల పని ఏ కులాల ఆడవాళ్ళ నెత్తిన పడుతుందో ఈ దేశంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మరుగుదొడ్డి అలవాటు నేర్పడం పాఠ్యాంశమే, పరీక్షలో ప్రశ్నే. ఆ పాఠం నిజంగా నేర్పే మనిషి పేరు మాత్రం ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఆమెకున్న జ్ఞానం జ్ఞానం కాదు, చాకిరీ.

ఇక కొలతల విషయం. ఈ శిక్షణలో సగం ప్రాణం కొలతల్లో ఉంది. బినే పరీక్షను కామత్ మరాఠీ, కన్నడ పిల్లలకు అనువుగా మార్చాడు. మాలిన్ నాగపూర్ పిల్లల మీద తన ప్రజ్ఞామాపనిని తయారుచేశాడు. మద్రాసులో తయారైన ఎం.డి.పి.ఎస్. అనే జాబితాలో 18 రంగాలు, రంగానికి 20 చొప్పున 360 అంశాలు. తినడం, బట్టలు వేసుకోవడం, డబ్బు, కాలం, సమాజంలో మసలడం అన్నీ అందులో ఉన్నాయి. పిల్ల ఏం చెయ్యగలదో తెలుసుకోవడానికి జాబితా ఉండాల్సిందే. అయితే సమాజంలో మసలడం అన్నచోట ఏ సమాజం? ఊరి గుడిలోకి రానివ్వని, హోటల్లో వేరే గ్లాసు పెట్టిన సమాజమా? అక్కడికి పోని పిల్లకు పోవడం చేతకాదని రాయాలా, పోనివ్వలేదని రాయాలా? ఆ రెండో గడి ఏ కాగితం మీదా లేదు.

ఇది ఊహించి చెబుతున్న అనుమానం కాదు. అమెరికాలో కాలిఫోర్నియా బడుల్లో నల్లపిల్లలు దాదాపు పదో వంతు ఉంటే, మందబుద్ధుల తరగతుల్లో దాదాపు నాలుగో వంతు వాళ్ళే ఉన్నారు. లారీ పి. కేసులో 1979లో న్యాయమూర్తి పెకమ్, నల్లపిల్లల్ని ఆ తరగతుల్లో వేయడానికి ఐ.క్యూ. పరీక్షలు వాడొద్దని తీర్పిచ్చాడు. ఇంగ్లండులో వెస్టిండీస్ పిల్లల్ని బడి ఎట్లా మందబుద్ధులుగా తయారుచేస్తుందో బెర్నార్డ్ కోర్డ్ 1971లోనే చిన్న పుస్తకం రాశాడు. జాతి గురించి అక్కడ అడిగిన ప్రశ్నను కులం గురించి మన ఎం.ఇడి. తరగతిలో ఎవరడగాలి? 2011 జనాభా లెక్కల్లో మొత్తం జనాభాలో వికలాంగులు 2.21 శాతం ఉంటే, షెడ్యూల్డ్ కులాల్లో 2.45 శాతం. ఈ తేడాలో తిండి ఉంది, నీళ్ళు ఉన్నాయి, కాన్పు ఉంది, అందని ఆసుపత్రి ఉంది. పరిశోధకులు వయసు, లింగం, గ్రామం, పట్నం అని గడులు గీసుకుంటారు గదా, కులం గడి గీయడానికి చెయ్యి ఎందుకు ఆడదు?

పేర్ల రాజకీయం కూడా ఇక్కడే చూడాలి. 2015 చివర్లో ప్రధానమంత్రి సూచించాక వికలాంగులు ప్రభుత్వ కాగితాల మీద దివ్యాంగులయ్యారు. ఈ తరహా బిరుదు మాకు కొత్త కాదు. తొంభై ఏళ్ళ కిందట మమ్మల్ని హరిజనులన్నారు. దేవుడి పేరు తగిలించారు గానీ గుడి తలుపు తెరవడానికి తటపటాయించారు. దివ్యాంగుడన్నాక ర్యాంపు కట్టకపోయినా ఫరవాలేదేమో! రెండు పేర్లదీ ఒకటే పని. హక్కు అడిగే నోటికి పూజాపుష్పం అడ్డుపెట్టడం.

కులం గురించి చెప్పడంలేదని ఎట్లా అంటారు, వైవిధ్యం మీద యూనిట్ ఉంది గదా అని వాదించేవాళ్ళున్నారు. ఉంది. లింగం, భాష, సంస్కృతి, సామాజిక ఆర్థిక స్థితి, వికలాంగత అని ఆ వైవిధ్యాన్ని వర్గీకరించారు. సామాజిక ఆర్థిక స్థితి అనే గోనెసంచిలో కులాన్ని కుక్కి మూతి కట్టారు. 2020 జాతీయ విద్యావిధానం ఇంకో అడుగు ముందుకేసి ఎస్సీ, ఎస్టీ, బి.సి., ఆడపిల్లలు, వికలాంగులు అందర్నీ వెనుకబాటు సమూహాలని ఒకే చిట్టాలో పెట్టింది. చిట్టాలో పక్కపక్కన రాస్తే సరిపోదు. మాదిగవాడలో ఉన్న చెవిటి ఆడపిల్ల ఆ చిట్టాలో మూడు చోట్ల ఉంటుంది, టీచర్ కంటికి ఒక్కచోట కూడా ఆనదు. వైవిధ్యం అనేది పూలతోటకు చెప్పే మాట. వెలివాడకు కావలసిన మాట వివక్ష.

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ డిగ్రీ చేతపట్టుకున్నవాళ్ళ బతుకేమిటి? సర్వశిక్షా అభియాన్ కాలం నుంచి మండలాల్లో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. ఐ.ఇ.ఆర్.పి.లు అనే రిసోర్సు పర్సన్లు కాంట్రాక్టు మీద పనిచేశారు. బడికి రాలేని పిల్లల ఇళ్ళకు పోయి నేర్పే బాధ్యత కూడా వాళ్ళదే. పర్మినెంటు పోస్టులు పెట్టమని చెప్పడానికి సుప్రీంకోర్టు కావలసి వచ్చింది. 2021 అక్టోబరులో ఒకసారి, 2025 మార్చిలో మరోసారి చెప్పింది. తెలంగాణలో 2024 డి.ఎస్.సి.లో 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్.జి.టి. ప్రత్యేక విద్యా పోస్టులు వచ్చాయి. పోస్టులు వస్తే రోస్టరు వస్తుంది. రోస్టరు వస్తే దళితులు టీచర్లుగా వస్తారు. కాంట్రాక్టు పద్ధతిని ఇంతకాలం సాగదీస్తే ఎవరి దారి మూసుకుందో వేరే చెప్పాలా?

దళిత టీచర్ వస్తే మాత్రం అంతా చక్కబడుతుందని మేము అనడం లేదు. ఆమె అగ్రవర్ణ ఇంటికి పోయి ఆ బిడ్డ చెయ్యి పట్టుకుని ముద్ద కలపడం నేర్పబోతే ఏమవుతుంది? వంటగదిలోకి రానిస్తారా? మధ్యాహ్న భోజనం దళిత మనిషి వండితే తినమని పిల్లల్ని బడి మాన్పించిన దేశం ఇది. ఆ గడప దగ్గర నిలబడ్డ టీచర్‌కు శిక్షణలో ఏం చెప్పి పంపించారు? 17వ అధికరణం ఆమెకు తెలుసా, 1989 అత్యాచారాల నిరోధక చట్టం తెలుసా? పిల్ల గురించిన ఫైలులో ఆ అవమానాన్ని ఎక్కడ రాసుకోవాలి?

పిల్లవాడు పిల్లవాడే, వికలాంగ పిల్లల మధ్యకు కూడా కులం తెస్తారా అని కొందరు నొచ్చుకుంటారు. మేము తేవక్కర్లేదు. చక్రాల కుర్చీ కంటే ముందే అది ఇంట్లోకొచ్చి కూర్చుంది. వికలాంగత కులాన్ని రద్దు చెయ్యదు, దాని బరువును పెంచుతుంది. వికలాంగుల ఉద్యమం ఈ ప్రశ్న దాటేస్తే అది అగ్రవర్ణ వికలాంగుల ఉద్యమంగానే మిగులుతుంది. అదే మాట దళిత ఉద్యమానికీ వర్తిస్తుంది. మన సభల వేదికలకు మెట్లున్నాయి, ర్యాంపుల్లేవు.

కాబట్టి మా డిమాండ్లు స్పష్టంగా చెబుతున్నాం. కులం, అంటరానితనం, వికలాంగత మీద ఒక పూర్తి పేపరు బి.ఇడి., ఎం.ఇడి. రెండింట్లోనూ తప్పనిసరి చెయ్యాలి. ప్రాక్టికల్స్ నగరంలోని సంస్థలతో సరిపెట్టకుండా దళితవాడల్లో, తండాల్లో పెట్టాలి. ముట్టుకుని నేర్పే పనిలో టీచర్‌కు మార్కులుండాలి, ఆ పని ఆయా మీదికి నెట్టేస్తే కోత పడాలి. ఆయాల అనుభవాన్ని చదువుగా గుర్తించి, వాళ్ళు రిజిస్టరు దాకా ఎదిగే దారి వెయ్యాలి. కొలమానాలను వాడల్లో తిరిగి పరీక్షించాలి. వికలాంగ దళిత యువతీయువకులు ఈ కోర్సుల్లో విద్యార్థులుగానే కాదు, పాఠ్యప్రణాళిక రాసే కమిటీల్లో సభ్యులుగా కూర్చోవాలి.

ఇవి దయతో ఇవ్వాల్సినవి కావు. మా వాడ పిల్ల చెయ్యి పట్టుకోవడానికి ఆగుతున్న ప్రతి చెయ్యికీ ఎవరో డిగ్రీ ఇచ్చారు. ఏం నేర్పి ఇచ్చారో జవాబు చెప్పాలి.