ఒకరితో చేయించుకోకుండా...

హైదరాబాద్ చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభలో ఈ వారం ఒక సంస్మరణ సభ జరిగింది. మైకు ముందుకు వచ్చినవారంతా ఒకే మాట దగ్గర చప్పట్లు కొట్టించుకున్నారు: "మహానుభావుడు, ఒక్కరోజు మంచం పట్టలేదు, ఒకరితో చేయించుకోలేదు!" వెనక వరసలో కూర్చున్న ఈ కాలమిస్టుకు ఒళ్ళు మండింది. సంస్మరణ సభల మీద ఆయన కోపం పాఠకులకు కొత్త కాదు. పోయినవారి గురించి మూడు ముక్కలు, తమ గురించి ముప్పై ముక్కలు చెప్పుకునే వక్తల మీద ఆయన ఇదివరకే చాలా సిరా ఒలకబోశాడు. ఈసారి కోపం వేరు. హాల్లో సగం మంది డెబ్బై దాటినవాళ్ళు. మోకాళ్ళకు పట్టీలు, పక్కన చేతికర్రలు. రేపు మంచాన పడితే తమకు ఈ చప్పట్లు ఉండవని వాళ్ళకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

నల్లకుంటలో ఈ భయం గడపగడపకీ ఉంది. శంకరమఠంలో సాయంత్రం దణ్ణం పెట్టుకుని వచ్చే పెద్దవాళ్ళను కదిపితే మోక్షం మాట తర్వాత. కాళ్ళూ చేతులూ ఆడుతుండగా పోతే చాలంటారు. పిల్లలు డాలస్‌లోనో సిడ్నీలోనో ఉంటారు, ఇంట్లో మిగిలింది ముసలి దంపతులు. దానికి తోడు మన అపార్ట్‌మెంట్ లిఫ్టులు. స్ట్రెచర్ పట్టని లిఫ్టు పెట్టే బిల్డరు మీద కాలమిస్టుకు పాత పగ ఉంది. రోగిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు పట్టుకుని, మెట్ల మలుపుల్లో గోడలకు మోచేతులు గీరుకుంటూ కిందికి దింపుతుంటే, ఆ కుర్చీలోని మనిషి కళ్ళు మూసుకుని "మీకెంత కష్టం తెచ్చానురా" అంటాడు.

కాబట్టి ఈ వారం కాలమ్ ఏం చెప్పాలో తేలిపోయింది. ఎవరూ ఎవరికీ భారం కాదు, ఆ మాట అనడం మానండి, అంతే. కానీ రాయడానికి కూర్చునేసరికి ఫీవర్ ఆసుపత్రి అడ్డొచ్చింది.

నల్లకుంట వాళ్ళకు అది అడ్రసు చెప్పుకునే గుర్తు, బస్‌స్టాపు పేరు. పాత తరానికి కోరంటి దవాఖానా. 1915లో అంటువ్యాధులు సోకినవారిని ఊరికి ఎడంగా ఉంచడానికి మొదలైన ఆసుపత్రి అది. ఎర్రన్నగుట్ట నుంచి తర్వాత ఇక్కడికి వచ్చింది. మలేరియా దోమ గుట్టు 1897లో సికింద్రాబాద్‌లో విప్పిన రొనాల్డ్ రాస్ పేరు దానికి పెట్టారు గానీ, ఆ పేరు చెబితే ఆటోవాలా ఎక్కించుకోడు.

రాష్ట్రం నలుమూలల నుంచీ రేబిస్ రోగులను పంపేది ఇక్కడికే. లక్షణాలు బయటపడ్డాక ఆ జబ్బు నుంచి బతికి బట్టకట్టినవారు ప్రపంచం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. మిగిలేది కొన్ని రోజులు. అందులో దారుణం ఏమిటంటే, ఒక బిగింపుకూ మరో బిగింపుకూ మధ్య చాలామందికి తెలివి నిక్షేపంగా ఉంటుంది. దాహం వేస్తుంది, గ్లాసు చూస్తే గొంతు పట్టేస్తుంది. ఫ్యాను గాలి తగిలినా అంతే. తన ఉమ్మి విషమని ఆ మనిషికి అర్థమవుతూనే ఉంటుంది. పెళ్ళాం పిల్లలను దగ్గరికి రావద్దంటాడు. ఇక్కడ భారమన్న మాట కూడా సరిపోదు, అతను తననే ఒక ప్రమాదంగా చూసుకుంటున్నాడు.

అలాంటి మనిషికి నర్సు ఏం చెప్పాలి? "మీవల్ల ఎవరికీ ఏమీ కాదు" అంటే అబద్ధం. చేయవలసిన పనులు మాత్రం ఉన్నాయి. వెలుతురు తగ్గించడం, చప్పుడు లేకుండా చూడటం, నోటితో తాగలేని నీళ్ళు సెలైన్‌గా ఎక్కించడం, బిగింపులు అణిగేలా మత్తుమందు వేళకు ఇవ్వడం, గ్లౌజులూ మాస్కూ వేసుకుని చెయ్యి పట్టుకోవడం. ఇంకొకటి: ఉమ్మి తగిలిన ఇంటివాళ్ళకు టీకా వేయించడం. "మీ పిల్లలకు సూది వేశాం, వాళ్ళకేం భయం లేదు." పోయేవాడికి ఆ కబురు చేసే మేలు ఏ ఓదార్పూ చెయ్యదు.

ఇక్కడే కాలమిస్టు ముందనుకున్న కాలమ్ పక్కదారి పట్టింది.

మన నగరంలో బంజారాహిల్స్ రోటరీ క్లబ్ వారు 2011లో ప్రారంభించిన స్పర్శ్ హాస్పిస్ ఉంది, నయం కాని రోగులను ఆఖరి రోజుల్లో చూసుకునే చోటు. ఇప్పుడు ఖాజాగూడలో 82 పడకలతో, పైసా తీసుకోకుండా నడుస్తోంది. ఇలాంటి చోట్ల పనిచేసే సిస్టర్లు రోజూ వినే మాట "నీకెంత శ్రమ ఇస్తున్నానమ్మా". దానికి "అయ్యో, అలా అనకండి" అని బదులిస్తే ముసలాయన మాట మార్చేస్తాడు, బాధ లోపలే ఉంటుంది. సెలవు దొరక్క కూతురు ఫోనులో ఆఫీసువాళ్ళను బతిమాలుకోవడం ఆయన విన్నాడు కదా. అనుభవమున్న నర్సు ఎదురు ప్రశ్న వేస్తుంది. మీకు దేనికి కష్టంగా ఉంది? రాత్రిపూట లేపడానికా? డబ్బుకా? కోడలు బట్టలు మార్చడానికా?

చాలా ఇళ్ళలో జవాబు మూడోదే. మామగారి ఒళ్ళు కోడలు తుడవడం ఇద్దరికీ చచ్చేంత సిగ్గు. అదే పని జీతం తీసుకునే నర్సు చేస్తే ఆ సిగ్గులో సగం పోతుంది. మనది ఋణం భాషలో ఆలోచించే జాతి. తీర్చలేని చోట పుచ్చుకోవడం మనకు చేతకాదు. నర్సు దగ్గర ఆ ఖాతా నెలాఖరుకు చెల్లు. ప్రేమతో చేస్తేనే సేవ, డబ్బుకు చేస్తే కాదని ఇదే కాలమ్‌లో ఒకప్పుడు నీతులు చెప్పిన పెద్దమనిషి, అంటే ఈ కాలమిస్టే, ఇది గమనించాలి.

రాత్రి లేపడమే కష్టమైతే దానికీ మందుంది. నొప్పికి నాలుగు గంటలకోసారి ఇచ్చే మార్ఫిన్‌ను పడుకునే ముందు రెట్టింపు మోతాదులో రాస్తారు, రోగీ నిద్రపోతాడు, పక్కన చాప వేసుకున్న కూతురూ నిద్రపోతుంది. దానితోపాటు విరేచనం మందు ఇవ్వడం మరిచిపోతే పొద్దున మరో యుద్ధం. ఇంత మామూలు మందు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తర్వాత దేశమంతా అపురూపమైపోయింది. 2014 సవరణతో నిబంధనలు సడలాయి. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలాట్ బృందం ఆ మందునూ, దాన్ని ఎలా వాడాలన్న విద్యనూ ఇక్కడ నిలబెట్టింది.

ఈ భారం భయం మన ఒక్కరిదే కాదు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో చట్టప్రకారం మరణం కోరుకునేవారు చెప్పే కారణాలను ఏటా ప్రకటిస్తారు. నొప్పి భయం కంటే ఇంటివారికి భారమవుతామన్న మాటే అక్కడ ఎక్కువ మంది చెబుతున్నారు. ఉమ్మడి కుటుంబాలు పోవడం వల్లే ఇదంతా అని మనవాళ్ళు వెంటనే అంటారు. కోడళ్ళ నడుములు అడిగితే వేరే చరిత్ర చెబుతాయి.

తీసుకోవడమే తప్ప ఇవ్వడానికేమీ మిగలకపోవడం ఈ బాధలో ఇంకో పాయ. ఆధునిక హాస్పిస్ ఉద్యమానికి ఆద్యురాలైన సిసిలీ సాండర్స్ నర్సుగా శిక్షణ పొంది, సాంఘిక కార్యకర్తగా పనిచేసి, ఆ తర్వాత డాక్టరయింది. 1948లో లండన్‌లో 40 ఏళ్ళ డేవిడ్ తస్మా అనే పోలండ్ శరణార్థి, హోటల్లో వడ్డించేవాడు, క్యాన్సర్‌తో చనిపోతూ, ఆమె కట్టబోయే ఇంటికి కిటికీగా ఉంటానని 500 పౌండ్లు రాసి వెళ్ళాడు. సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరుచుకున్నది 1967లో. రోగికి ఇచ్చే అవకాశం కల్పించడానికి మన సిస్టర్లు ఇంత దూరం వెళ్ళనక్కర్లేదు. ఆవకాయలో నూనె ఎంతని అడిగితే చాలు, నోరు ఎండిపోయిన మామ్మ కూడా లేచి కూర్చోబోతుంది.

కాబట్టి కాలమిస్టు తీర్పు మారింది. భారం ఉంది, లేదనడం మర్యాద కోసం ఆడే అబద్ధం. దాన్ని ఒక్క కూతురి మీదో ఒక్క కోడలి మీదో వదిలేయడమే తప్పు. ఇంట్లో నయం కాని జబ్బు ఉన్నవారికి ఒక విన్నపం. ఆఖరి వారం దాకా ఆగకండి. ఇక లాభం లేదని డాక్టరు చెప్పిన రోజే మూడు సంగతులు అడగండి: పాలియేటివ్ కేర్ (బాధ తగ్గించే వైద్యం) దగ్గరలో ఎక్కడ ఉంది, ఇంటికి వచ్చి చూసే నర్సు ఉందా, మార్ఫిన్ ఎవరు రాస్తారు.