చనిపోతేనే పునీతురాలా?

పునీతుల జీవితకథల్ని మన సాహిత్య విమర్శ పెద్దగా పట్టించుకోలేదు. భక్తి సాహిత్యంలో స్త్రీలు అనగానే మొల్ల, వెంగమాంబ గుర్తొస్తారు. గుడి గుమ్మం దగ్గర బల్ల మీద దొరికే పల్చటి పుస్తకాలు ఎవరి లెక్కలోకీ రావు. కానీ పదమూడు, పద్నాలుగేళ్ళ కథోలిక ఆడపిల్ల తన శరీరం గురించి, పాపం గురించి మొట్టమొదట వినే కథలు అవే. నవలలూ కవిత్వమూ తర్వాతెప్పుడో వస్తాయి. అందుకే వాటిలో ఒకదాన్ని, పునీత మరియ గొరెట్టి కథని, పాడేరు నుంచి చదవాలనుకుంటున్నాను.

కథ తెలియనివాళ్ళ కోసం. మరియ 1890లో ఇటలీలోని కొరినాల్దోలో పుట్టింది. పేదరికం తట్టుకోలేక ఆ కుటుంబం పంటలో వాటాకి సేద్యం చేసుకోవడానికి రోముకి దక్షిణాన ఉన్న చిత్తడి నేలలకి వలసపోయింది. 1900లో తండ్రి మలేరియాతో పోయాడు. తల్లి అస్సుంత పొలంలోకి దిగితే ఇల్లూ వంటా చిన్నపిల్లలూ మరియ మీద పడ్డాయి. అదే ఇంట్లో సెరెనెల్లి అనే మరో కుటుంబం ఉండేది. వాళ్ళబ్బాయి అలెస్సాంద్రో, ఇరవై ఏళ్ళవాడు, 1902 జూలై 5న బలాత్కరించబోతే అది పాపమని చెప్పి ఎదిరించింది. పద్నాలుగు పోట్లు పొడిచాడు. మర్నాడు, అతన్ని క్షమిస్తున్నానని చెప్పి చనిపోయింది. అప్పటికి పన్నెండేళ్ళు నిండలేదు. 1950లో పన్నెండవ పయస్ పోప్ ఆమెని పునీతురాలిగా ప్రకటించారు.

మా హాస్టల్లో ఈ కథ ఏటా జూలై 6న, ఆమె పండుగనాడు చెప్పేవారు. మలేరియా ఒక్క ముక్కలో దాటిపోయేది. వాటా సేద్యం ఊసే ఉండేది కాదు. చివరికి మిగిలే వాక్యం ఒకటే: శీలం కోసం ప్రాణమిచ్చింది. మాకేమో మలేరియా దగ్గరే మనసు ఆగిపోయేది. మన్యంలో చలిజ్వరం రాని ఇల్లేది? అమ్మ పోడుకి పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని అంబలి కాచిన పిల్లలం మాలో సగంమంది. మరియ మాకు పక్క ఊరి పిల్లలాగే అనిపించేది. పరాయి కుటుంబంతో పంచుకోక తప్పని ఇల్లు, తండ్రిని మింగిన జ్వరం, తల్లిని ఇంటిపట్టున ఉండనివ్వని చాకిరీ - ఇవన్నీ లేకుండా ఆ మధ్యాహ్నం లేదు. కథ చెప్పేవాళ్ళు వీటినన్నిటినీ వెనక్కి నెట్టి ఆమె శరీరాన్ని ఒక్కదాన్నే ముందుకి తెచ్చారు.

తెలుగులోకి వచ్చాక ఇంకో పని కూడా జరిగింది. కథోలిక తెలుగు ఒక ప్రత్యేకమైన తెలుగు. ప్రొటెస్టెంట్లు ఆరాధన అంటే మేం పూజ అంటాం. వాళ్ళ బాప్తిస్మం మాకు జ్ఞానస్నానం. జపమాల, తపస్కాలం, సత్‌ప్రసాదం అన్నీ ఈ నేల మాటలే. నాకు ఆ మాటలంటే ఇష్టం. ఇంట్లో కువి, ఒడియా మాట్లాడే పిల్లలు కూడా ఆ తెలుగులోనే దేవుడితో మాట్లాడడం నేర్చుకున్నారు. అయితే నేల మాటతోపాటు నేల భావజాలమూ వస్తుంది. మరియ అన్నది 'ఇది పాపం' అని. ఆ పాపం అతనిది. అది తెలుగులో 'శీలం' అయ్యేసరికి భారమంతా ఆమె మీదికి మారిపోయింది. ఎందుకంటే మన భాషలో శీలం పోయేది ఆడదానికే, కాపాడుకోవలసిందీ ఆడదే.

నేను పదో తరగతిలో ఉండగా, 2007లో, ఆ కథ విన్న ఆరు వారాలకి, ఆగస్టు 20న, జి.మాడుగుల మండలం వాకపల్లికి చెందిన పదకొండుమంది కోందు స్త్రీలు గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని బయటపెట్టారు. వాళ్ళు ఏ దేవుణ్ణి కొలుస్తారన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఒక రాత్రి జపమాల అయ్యాక మా గదిలో పిల్ల అడిగింది: "సిస్టర్‌గారూ, మరి ఆ అక్కలు బతికే ఉన్నారు కదా. వాళ్ళది పాపమా?" సిస్టర్‌గారు చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు జపమాలలో పది పూసలు 'వాకపల్లి అక్కల కోసం' అని చెప్పించారు. జవాబు మాత్రం ఇవ్వలేదు. ఆ పది పూసల్ని నేను తక్కువ చేయను. ఆ రోజుల్లో పోలీసుల మీద ఫిర్యాదు చేసిన ఆడవాళ్ళ పేరెత్తి ప్రార్థించడం చిన్న విషయం కాదు. ప్రార్థనలో వాళ్ళకి దొరికిన చోటు కథలో దొరకలేదు, అంతే.

క్షమ గురించి కూడా ఒక మాట చెప్పాలి. మరియలా క్షమించమని మాకు నేర్పేటప్పుడు, అలెస్సాంద్రోకి ముప్ఫై ఏళ్ళ శిక్ష పడిందనీ, అందులో ఇరవై ఏడేళ్ళు జైల్లో గడిపాడనీ ఎవరూ చెప్పలేదు. వాకపల్లి కేసులో విచారణ మొదలవడానికే పదేళ్ళు పట్టింది. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు దర్యాప్తు లోపాల్ని ఎత్తిచూపి, పోలీసుల్ని నిర్దోషులుగా వదిలేసి, ఆ స్త్రీలకి నష్టపరిహారం ఇవ్వాలంది. ఇక్కడ ఎవరు ఎవర్ని క్షమించాలి? విశ్వాసం కోసం చనిపోయినవాళ్ళని మేం వేదసాక్షులంటాం. వాకపల్లి స్త్రీలు పదిహేనేళ్ళకి పైగా సాక్ష్యం మీద నిలబడ్డారు. ఈ సాక్ష్యానికి మా పరిభాషలో పేరు లేదు.

అలాగని మా సంప్రదాయంలో ఆ పిల్ల ప్రశ్నకి జవాబు లేకపోలేదు. క్రీ.శ. 410లో రోము నగరం దోపిడీకి గురైనప్పుడు చెరచబడిన స్త్రీల గురించి పునీత అగస్టీను 'దైవనగరం' మొదటి సంపుటంలోనే రాశాడు. మనసు ఒప్పుకోనప్పుడు శరీరానికి జరిగిన దానివల్ల పవిత్రత పోదన్నాడు, ప్రాణం తీసుకోనందుకు వాళ్ళని నిందించకూడదన్నాడు. రోమన్లు నెత్తిన పెట్టుకున్న లుక్రీషియా ఆత్మహత్యని సైతం ప్రశ్నించాడు. (ఆడవాళ్ళ గురించి ఆయన రాసిన మిగతా మాటలతో నాకు పెద్ద తగువే ఉంది. అది మరోసారి.) పదహారు వందల ఏళ్ళ నాటి ఈ జవాబు మా జ్ఞానోపదేశం తరగతి దాకా రాలేదు. గొరెట్టి మాత్రం ఏటా వచ్చింది.

తప్పిపోయిన కుమారుడి ఉపమానాన్ని ఎం.ఎం. వినోదిని ఒక దళిత క్రైస్తవ కూతురి కథగా తిప్పి రాశారు. సువార్తకే ఆ పని చేయగలిగినప్పుడు పునీతుల కథలకి ఎందుకు చేయకూడదు? నేనైతే అస్సుంత దగ్గర మొదలుపెడతాను. 1950లో కూతురు పునీతురాలైన రోజున ఆ తల్లి అక్కడే ఉంది. ఆ పూట ఆమెకి ఏం గుర్తొచ్చి ఉంటుంది? ఆ చిత్తడి నేలా, భర్త జ్వరమూ, ఆ మధ్యాహ్నం తను ఇంట్లో కాక పొలం పనిలో ఉండాల్సి రావడమూ.