రెండు పంచాంగముల చంద్రుడు

సౌరకుటుంబమును గూర్చిన పాఠము ప్రాథమిక తరగతులలో సూర్యునితోనే ఆరంభమగును. పుస్తకమున నడుమ పసుపుపచ్చని బింబము, దాని చుట్టును సమానమైన ఎడములతో దీర్ఘవృత్తములు, వానిపై రంగురంగుల గోళములు ఎనిమిది. బుధుడు మొదలు నెప్ట్యూన్ వరకు పేర్లు తడబడక అప్పజెప్పిన బాలునకు మార్కులును, థర్మకోల్ బంతులకు రంగులు పూసి తీగలకు గ్రుచ్చి ప్రదర్శనమునకు సిద్ధపరచిన తండ్రికి (బాలునకుఁ గాదు, తండ్రికే) ప్రశంసయు లభించును. రియాదులోని మన తెలుగు పిల్లలకు కొన్నేండ్లుగా ఈ పాఠము చెప్పుచున్న నాకు ఈ క్రమము తలక్రిందులుగా నున్నదని నానాటికి దృఢముగా తోచుచున్నది. కన్నెత్తి చూడరాని సూర్యునితో నారంభించి, కన్నులార చూడఁదగిన చంద్రుని పాఠాంతమున ఒక్క పేరాలో ముగించుట ఏ బోధనాపద్ధతియో నాకు బోధపడదు.

అందులోను ఈ దేశమున చంద్రదర్శనము పండితుల వ్యవహారము మాత్రమే కాదు. రంజానునకు ముందరి షాబాన్ మాసము 29వ నాటి సాయంకాలమున నెలవంకను వెదకి, కనబడినచో వచ్చి సాక్ష్యము చెప్పుడని సర్వోన్నత న్యాయస్థానము ప్రజలను కోరును. రియాదునకు వాయవ్యమున సుదైర్, తుమైర్ ప్రాంతములలో పరిశీలకులు దూరదర్శినులతో పశ్చిమాకాశమును గాలింతురు. ఏ యింటఁ జూచినను పిల్లలు ఆ వార్తకొరకు మేల్కొనియుందురు. మరునాటి బడివేళలు మారునా యను చింత ఆ జాగరణమునకొక కారణము కాకపోదు.

మూడవ తరగతి బాలిక యొకతె ఒకనాఁడు, "రంజాన్ ప్రతి సంవత్సరం ముందుకు జరుగుతుంది గదా టీచర్, మరి ఉగాది ఎందుకు జరగదు?" అని యడిగినది. ఖగోళశాస్త్రమంతయు దూరుటకు చాలినంత ద్వారము ఆ ప్రశ్నలోఁ గలదు. ఇంటిగోడపై వ్రేలాడు తెలుగు క్యాలెండరును, ఇచ్చటి ఉమ్ముల్ ఖురా హిజ్రీ క్యాలెండరును ప్రక్కప్రక్కన పరపించి, తేదీలు వారిచేతనే వెదకించితిని. 2023లో ఉగాది మార్చి 22న రాఁగా మరునాఁడే ఇచ్చట రంజాన్ ఉపవాసములు మొదలైనవి. 2024లో ఉగాది ఏప్రిల్ 9న, మరునాఁడు ఈద్. అనఁగా, ఉపవాసమాసపు తొలివాకిట నున్న ఉగాది ఒక్క యేటిలోనే దాని తుదివాకిటికి జరిగినది! నడుమ నేమి సంభవించినదని వెదకినవారికి 2023 వేసవిలో అధిక శ్రావణము దొరకినది. పండ్రెండు చాంద్రమాసములకు 354 దినములు. సూర్యుని చుట్టివచ్చుటకు భూమికి 365 దినములకుఁ బైచిలుకు. కొఱతపడిన ఆ పదునొకండు దినములను హిజ్రీ గణన ఉన్నవి ఉన్నట్లు విడిచిపెట్టును గనుక రంజాన్ ఋతువులన్నిటను తిరుగును. మన పంచాంగము వానిని కూడఁబెట్టి, ఇంచుమించు 32 నెలలకొకమారు ఒక మాసముగాఁ జెల్లించును గనుక ఉగాది వసంతమును విడువదు. 2025 మార్చి 30న ఉగాదియు ఈదును ఒకే దినమున వచ్చినవని వారే కనిపెట్టి కేకలు వేసిరి. అటుపిమ్మట భూపరిభ్రమణమును గూర్చి వారిచే బలవంతముగా వల్లె వేయింపవలసిన పని నాకు లేకపోయినది.

చంద్రుని పిమ్మట అంతరిక్షమునకు వచ్చినచో, వ్యోమగాముల ముచ్చట పిల్లలకు ప్రీతి. 1985 జూన్‌లో డిస్కవరీ నౌకలో వెళ్ళిన రాకుమారుడు సుల్తాన్ బిన్ సల్మాన్, 2023 మేలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునకు వెళ్ళిన రయ్యానా బర్నావి, అలీ అల్‌ఖర్నీ – వీరి చిత్రములు మా గోడపైఁ గలవు. కాని వారు చేరిన యెత్తు, భూమినుండి ఇంచుమించు నాలుగువందల కిలోమీటర్లు, రియాదునుండి దమ్మామునకుఁ గల బాటపాటిది. అంతరిక్షమనఁగా నెంతటిదో దానివలనఁ దెలియదు.

ఆ విస్తారమును తెలుపుటకు ఆవగింజయే శరణ్యము. ఒకటిన్నర మిల్లీమీటరు ఆవగింజను భూమి యనుకొన్నచో సూర్యుడు పదునాఱు సెంటీమీటర్ల పంపరపనస. ఆ రెంటికి నడుమ ఎడము పదునెనిమిది మీటర్లకుఁ గొంచెము తక్కువ. గసగసాల గింజకన్న చిన్నదైన చంద్రుడు భూమికి నాలుగున్నర సెంటీమీటర్ల దూరమున. రేగుపండంతటి గురుగ్రహమునకు మా బడి మైదానపు చివర, తొంబది మీటర్లవద్ద, చోటు దొరకినది. కందిగింజంతటి నెప్ట్యూన్‌ను అరకిలోమీటరు దూరమున పెట్టవలెను. కాని బడి గేటు దాటుటకు కాపలాదారు ఒప్పుకొనలేదు. ఇఁక సూర్యుని విడిచినచో మనకు మిక్కిలి సమీపమున నున్న నక్షత్రమో? ఉసిరికాయంత ప్రాక్సిమా, ఇంచుమించు 4,700 కిలోమీటర్ల దూరమున, హైదరాబాదును దాటి, విశాఖను దాటి, బంగాళాఖాతములో నెచ్చటనో పడును.

ఏటేట సెలవులకు విశాఖ వెళ్ళు బాలుఁ డొకఁడు, "మా ఊరు దాటాక ఇంకా ఎంతసేపు?" అనెను. విమానమున గంటకుఁ బైచిలుకని చెప్పితిని. "అంటే దగ్గరేగా!" అని వాఁడు కూర్చుండెను. ఆ పంపరపనసనుండి ఆవగింజకు వచ్చుటకు వెలుతురునకే ఎనిమిది నిమిషములు పట్టునని, మా మైదానమున విమానములు చెల్లవని వానికి వచ్చేవారము చెప్పవలసియున్నది.