కొల్లేరు అడిగే ప్రశ్న: అభివృద్ధి, ప్రకృతి, మన సాహిత్యం

అభివృద్ధి కావాలా, ప్రకృతి కావాలా అని ప్రశ్న వేసుకుని, రెండూ సమతూకంలో ఉండాలని జవాబు చెప్పుకుని తృప్తిపడే రచనలకు ఇవాళ కొదవ లేదు. సమతూకం అన్న మాట వినడానికి బాగానే ఉంటుంది. కాని తూకం అన్నాక త్రాసు ఉండాలి, త్రాసు పట్టే చెయ్యి ఉండాలి. ఆ చెయ్యి ఎవరిది? ఒక తట్టలో పడే లాభం ఎవరిది, రెండో తట్టలో పడే నష్టం ఎవరిది? ఈ ప్రశ్నలు వదిలేసి సమతూకం గురించి మాట్లాడితే అది నీతిబోధ అవుతుందే తప్ప విశ్లేషణ కాదు. వర్గ సమాజంలో ప్రకృతి అందరిదీ ఒకే రకంగా కానట్టే, అభివృద్ధి కూడా అందరిదీ ఒకే రకంగా కాదు. ఈ మామూలు సత్యాన్ని మన కథ, నవల, కవిత్వం ఎంతవరకు పట్టుకున్నాయో చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

1943లో తెనాలి మహాసభతో అభ్యుదయ రచయితల ఉద్యమం సంఘటితమైంది. అదే సంవత్సరం బెంగాల్ కరువులో లక్షల మంది ఆకలితో చనిపోయారు. ఆనాటి రచయితకు ఉత్పత్తి పెరగడం ఆశ, యంత్రం ఆశ, ఆనకట్ట ఆశ. ప్రకృతి అతనికి మనిషి జయించవలసిన శక్తిగా కనిపించింది. ఇందులో తప్పు పట్టవలసింది లేదు. వానకోసం ఆకాశంకేసి చూసే రైతుకు కాలువ నీరు వస్తుందంటే పాట పుట్టకుండా ఉండదు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువల్లోకి నీరు వదిలారు. పల్నాడులో, మిర్యాలగూడ ప్రాంతంలో మెట్ట భూములు మాగాణి అయ్యాయి. జొన్న తిన్న ఇళ్లలో వరి అన్నం ఉడికింది. ఈ మేలును చూడ నిరాకరించి ప్రాజెక్టులన్నిటినీ ఒక్క మాటలో కొట్టిపారేసేవారికి మెట్ట రైతు కష్టం తెలియదనే చెప్పాలి.

అయితే ఆనాడే కనిపించవలసిన రెండో పక్క ఒకటి ఉంది. ఆనకట్టలను ఆధునిక దేవాలయాలుగా భావించిన నెహ్రూయే, 1958లో ఇంజనీర్లనుద్దేశించి మాట్లాడుతూ, భారీతనం మీద మోజు ఒక జబ్బుగా మారుతోందని హెచ్చరించాడు. ఆ హెచ్చరిక ఆయన ప్రభుత్వమే పట్టించుకోలేదు. మన కవులు కూడా పట్టించుకోలేదు. అంతకు చాలాముందే, ప్రకృతి మీద మనం సాధించే ప్రతి విజయానికీ అనుకోని ప్రతిఫలం ఉంటుందనీ, తొలి ఫలితాలు చూసి మురిసిపోవద్దనీ ఎంగెల్స్ చెప్పాడు. పెట్టుబడిదారీ వ్యవసాయం కూలివాణ్ణీ నేలనూ ఒకేసారి దోస్తుందని మార్క్స్ గుర్తించాడు. మన అభ్యుదయ సాహిత్యం మార్క్స్ నుంచి కూలి దోపిడీని నేర్చుకుంది. నేల దోపిడీని మాత్రం చాలాకాలం పక్కన పెట్టింది. ఇది అజ్ఞానం వల్ల జరిగిందనడం సరికాదు. పేద దేశంలో ముందు కడుపు నిండాలి, తర్వాతే తక్కినవి అనే ఆలోచన వల్ల జరిగింది.

ఆ ఆలోచనకు ప్రపంచ వేదిక మీద గట్టి రూపం ఇచ్చింది 1972 స్టాక్‌హోమ్ సదస్సు. దారిద్ర్యం పోకుండా పర్యావరణం బాగుపడదన్న వాదాన్ని అక్కడ ఇందిరా గాంధీ వినిపించింది. సంపన్న దేశాలు తమ పరిశ్రమలతో భూమిని పాడుచేసి, ఇప్పుడు వచ్చి మన పొయ్యిలో పొగ లెక్కపెట్టడం న్యాయం కాదన్న వాదంలో బలముంది. కాని ఆ వాదాన్ని ఇంటికి తెచ్చుకున్నాక పాలకులు దాన్ని ఎలా వాడారన్నదే ప్రశ్న. దారిద్ర్యం పేరు చెప్పి అనుమతులు ఇచ్చారు. అనుమతులు పొందినవాళ్లు దరిద్రులు కారు. నేల, నీరు పోగొట్టుకున్నవాళ్లు మాత్రం దరిద్రులే.

శ్రీశైలం ప్రాజెక్టు చరిత్ర తీసుకుందాం. కృష్ణా తుంగభద్రల ఒడ్డున నూటికి పైగా గ్రామాలు మునిగాయి. సుమారు లక్షమంది ఊళ్లు వదిలారు. 1981లో వాళ్లను ఖాళీ చేయించడానికి ప్రభుత్వం బలప్రయోగానికి దిగింది. అదే కాలంలో కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి, తెచ్చి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. ప్రాచీన శిల్పాన్ని కాపాడటం మంచి పనే. ఎవరూ కాదనరు. కాని రాయికి దొరికిన శ్రద్ధ మనిషికి ఎందుకు దొరకలేదు? గుడిని విప్పేటప్పుడు ఏ రాయి ఎక్కడిదో గుర్తు పెట్టారు. ఊరిని విప్పేటప్పుడు ఏ మనిషి ఎక్కడికి పోయాడో ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. ఒక గొప్ప నవలకు కావలసిన వస్తువు ఇందులో ఉంది. దాని స్థాయికి తగిన నవల తెలుగులో రావలసే ఉంది.

ఇక్కడ రచయితలు ప్రత్యేకంగా గమనించవలసింది భాష. అభివృద్ధి పేరిట జరిగే ఆక్రమణ మొదట మాటల్లో జరుగుతుంది. శ్రీకాకుళం జిల్లా సోంపేట ప్రాంతంలో నీరు నిలిచే చిత్తడి నేలను జనం ‘బీల’ అంటారు. అందులో చేప దొరుకుతుంది, గడ్డి దొరుకుతుంది, చుట్టుపక్కల పొలానికి తడి దొరుకుతుంది. కాగితం మీద దాని విలువ తగ్గించి, పనికిరాని నేలగా చూపించి థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇవ్వబోయారు. జనం ఎదురు తిరిగారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రోజే పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఒకే రోజు ఒక చేత్తో తుపాకి, ఇంకో చేత్తో రద్దు ఉత్తర్వు! ‘బీల’ అనే మాటకూ ‘పనికిరాని నేల’ అనే మాటకూ మధ్య ఉన్న దూరంలోనే ఆ మనుషులు చనిపోయారు. మాండలికాన్ని కేవలం స్థానిక రంగుకోసం వాడే కథకులు ఈ సంగతి ఆలోచించాలి. జనం మాటలో ఒక నేల ఉపయోగం దాగి ఉంటుంది. ఆ మాట పోయిననాడు ఆ నేలను కాజేయడం తేలికవుతుంది.

ఇక కొల్లేరు. ఈ సమస్యలోని చిక్కుముడులన్నీ ఒక్కచోట కనిపించే తావు అది. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ పరుచుకున్న ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరులు వచ్చి పడతాయి. ఉప్పుటేరు ద్వారా నీరు సముద్రానికి పోతుంది. వరద వచ్చినప్పుడు నీటిని తనలో నిలుపుకుని డెల్టాను కాపాడటం కొల్లేరు పని. ఆ నీటిలో చేపలు పట్టుకుని, లంకల్లో వ్యవసాయం చేసుకుని వేలాది కుటుంబాలు బతికాయి. 1970లలో ప్రభుత్వం పేదలకు, మత్స్యకారులకు సహకార సంఘాలు పెట్టించి, సరస్సులోనే చెరువులు తవ్వుకోవడానికి భూములిచ్చింది. ఉద్దేశం మంచిదే. కాని చెరువు తవ్వాలంటే, పిల్లలు వేయాలంటే, మేత పెట్టాలంటే పెట్టుబడి కావాలి. పేదవాడి దగ్గర సంఘం కార్డు ఉంది, పెట్టుబడి లేదు. పెట్టుబడి ఉన్నవాడు బయటినుంచి వచ్చి లీజు తీసుకున్నాడు. కొన్నేళ్లలో సరస్సు నిండా గట్లు లేచాయి. సంఘం సభ్యుడు తన పేరున్న చెరువు గట్టు మీదనే కాపలాదారుగా, కూలీగా మిగిలాడు. చేపల లారీలు కలకత్తా దారి పట్టాయి. లెక్కల్లో ఉత్పత్తి పెరిగింది, ఎగుమతి పెరిగింది, జిల్లా ఆదాయం పెరిగింది. సరస్సు మాత్రం కుంచించుకుపోయింది.

తర్వాతి అంకం మరీ విచిత్రం. 1999లో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2005, 2006 సంవత్సరాల్లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట చెరువు గట్లను తెగగొట్టారు, పేల్చేశారు. సరస్సుకు ఊపిరి ఆడాలంటే గట్లు పోవలసిందే. అయితే గట్టు తెగిన రోజు ఎవరు ఎంత పోగొట్టుకున్నారు? లీజుదారు ఒక పంట పోగొట్టుకుని పెట్టుబడితో ఇంకోచోటికి వెళ్లగలడు. కూలీకి వెళ్లేచోటు లేదు. ఆక్రమించినప్పుడు పేదవాడి పేరు వాడుకున్నారు. తొలగించినప్పుడు పేదవాడి పొట్ట కొట్టారు. ఆ తర్వాత అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలన్న కోరిక లేచింది, 2008లో శాసనసభ తీర్మానం కూడా చేసింది. ఆ కోరిక వెనక కూడా పేదవాడి ఆకలినే ముందు నిలబెట్టారు. ఈలోగా గట్లు మళ్లీ లేచాయి. సర్వే ఇంజనీరు వాడే ‘కాంటూరు’ అనే ఇంగ్లీషు మాట కొల్లేటి లంకల్లో చదువురాని వాళ్లకు కూడా నోటికి వచ్చేసింది. జీవితాలను శాసించే మాట ఎంత పరాయిదైనా జనం నేర్చుకోక తప్పదు.

ఇప్పుడు చెప్పండి. ఇక్కడ అభివృద్ధి ఒక పక్క, ప్రకృతి ఒక పక్క, మధ్యలో సమతూకం అనే సూత్రం పనిచేస్తుందా? పనిచేయదు. ఎందుకంటే వృద్ధి పేరుతో జరిగినదీ, రక్షణ పేరుతో జరిగినదీ ఒకే మనిషి మీదుగా నడిచి వెళ్లాయి. సమస్య రెండు ఆదర్శాల మధ్య ఘర్షణ కాదు. నీటి మీద, నేల మీద నిర్ణయాధికారం ఎవరిదనేదే సమస్య.

అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ నవల ఈ నేపథ్యంలో మనకు ముఖ్యమైంది. కొల్లేటి ఊళ్లో గడిచిన బాల్యాన్ని, నీటితో మనుషులకున్న పనినీ చుట్టరికాన్నీ ఆ నవల మన కళ్ల ముందు ఉంచింది. కొల్లేరు అంటే పక్షులు మాత్రమే అనుకునే పట్టణ పాఠకుడికి, అక్కడ పనిచేసే చేతులున్నాయని చూపించడం దాని విజయం. సరస్సును కాపాడాలనే మాటకు అర్థం ఏమిటో తెలియాలంటే, ఆ సరస్సుతో మనుషులు ఎలా బతికారో ముందు తెలియాలి. అది చెప్పగల శక్తి జ్ఞాపకానికి ఉంది. అయితే జ్ఞాపకం అనే రూపానికి సహజంగా ఒక హద్దు కూడా ఉంది. పిల్లవాడి కన్ను నీటిని చూస్తుంది, పడవను చూస్తుంది, అమ్మను చూస్తుంది. లీజు కాగితాన్ని చూడదు. సరస్సు ఎలా ఉండేదో చెప్పడానికి ఆ కన్ను చాలు. సరస్సు ఎలా చేతులు మారిందో చెప్పడానికి ఇంకో కన్ను కావాలి. కుటుంబరావు తెరిచిన దారిలో ఆ రెండో నవల రాయడం తర్వాతి రచయితల బాధ్యత.

ఆ రెండో కన్ను మన సాహిత్యంలో లేకపోలేదు. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ 1960ల నాటి కథ. సీతారాముడు తన కొడుకును నరకడం న్యాయమా అన్న చర్చ దశాబ్దాల పాటు సాగింది. ఆ చర్చ వేడిలో, కథలోని సింహభాగం సుందరపాలెం అభివృద్ధి చరిత్ర అనే సంగతి మరుగున పడింది. ఊరికి రోడ్డు వచ్చింది, బడి వచ్చింది, పేరు వచ్చింది. శ్రీరాములునాయుడు చెడ్డవాడు కాదు, ఊరి మేలు కోరినవాడే. అయినా అప్పల్రాముడి అప్పు తీరలేదు. అప్పిచ్చిన గోపన్న కూడా నిలదొక్కుకోలేదు. ఊరు బాగుపడుతూ ఉండగా ఊరివాళ్లు ఎలా చితికిపోతారో రామారావు దుర్మార్గుడైన విలన్ సాయం లేకుండా, అంకెలతో, తీర్పులతో, పెద్దమనుషుల మాటలతో చూపించాడు. ఆ కథలో ప్రకృతి ప్రశ్న లేదు. ఉండాలని అడగడం అన్యాయం. కాని పద్ధతి ఉంది. అభివృద్ధిని పొగడకుండా, తిట్టకుండా, దాని ఖాతా పుస్తకం తెరిచి పాఠకుడి ముందు పెట్టే పద్ధతి. అప్పు పత్రంలో రామారావు చూసినదాన్ని కొల్లేటి లీజు పత్రంలో చూడగల కథకుడు ఇవాళ కావాలి.

దీనికి బదులు ఇప్పుడు ఎక్కువగా వస్తున్నది రెండు రకాల రచన. మొదటిది విలాపం. వాగు ఎండిపోయింది, పిచ్చుక ఎగిరిపోయింది, ఆ పల్లె ఏదీ అని కవి కన్నీరు పెడతాడు. ఆ పల్లెలోనే అంటరాని వాడకు మంచినీటి బావి దగ్గర చోటు లేదన్న సంగతి ఆ కన్నీటిలో కరిగిపోతుంది. గతాన్ని కడిగి తెల్లగా ఆరేసే ఈ కవిత్వం ప్రకృతి పక్షాన నిలబడినట్టు కనిపించినా, నిజానికి పాత భూస్వామ్య పల్లెకు పూలు చల్లుతుంది. రెండోది నినాదం. కంపెనీ రాక్షసుడు, ప్రజలు దేవతలు, చివర ఎర్ర సూర్యోదయం. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉద్యోగంకోసం నిలబడ్డ కుర్రవాడు, వాడి ఇంటి బావిలో రంగు మారిన నీరు, ఈ రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయన్న వైరుధ్యం ఆ కథలో ఉండదు. వైరుధ్యం లేని చోట వాస్తవికత ఉండదు. తండ్రికి పొలం కావాలి, కొడుక్కి జీతం కావాలి. ఇద్దరి కోరికా న్యాయమైనదే. ఆ ఇద్దరినీ ఒకరి మీదకు ఒకరిని తోసింది ఎవరో చూపించడం రచయిత పని.

ప్రశ్న పాతబడిందనుకోవడానికి వీల్లేదు. 2014 విభజన చట్టంతో జాతీయ ప్రాజెక్టు హోదా పొందిన పోలవరం కింద లక్షకు పైగా కుటుంబాలను నిర్వాసితులుగా ప్రభుత్వమే లెక్కకట్టింది. వారిలో కొండరెడ్లు, కోయలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. డెల్టా రైతుకు నీరు నిజమైన అవసరం, అడవిబిడ్డకు ఊరు నిజమైన అవసరం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేలాది ఇళ్లను ముంచింది. దారి మూసుకుపోయిన ఏరు తన దారి తాను వెతుక్కుంది. ఆ ఏరు చివరకు చేరవలసిన చోటు కొల్లేరే.

కనుక రచయితలు, సాహిత్య విద్యార్థులు చేయవలసిన పని భారీ సిద్ధాంత గ్రంథాలతో మొదలు కానక్కరలేదు. ఒక చెరువు ఎవరి పేరున ఉంది, ఎవరి చేతిలో ఉంది, ఎవరి కూలితో నడుస్తోంది, దాని మురుగు ఎవరి పొలంలో పడుతోంది అని నాలుగు ప్రశ్నలు వేసుకుని ఊళ్లోకి వెళ్తే చాలు. కథకు వస్తువు, పాత్రలు, సంఘర్షణ అక్కడే దొరుకుతాయి. త్రాసు ఎవరి చేతిలో ఉందో కూడా అక్కడే తెలుస్తుంది. అది తెలిశాక సమతూకం గురించి మాట్లాడే హక్కు మనకు వస్తుంది.