నొప్పి లేని చెవి

రాత్రి చెవిపోటు వస్తే రొంపిచెర్ల నుంచి తెల్లారేసరికి ఆటో కట్టించుకొని నరసరావుపేట వచ్చేస్తారు. ఏళ్ల తరబడి చీము కారుతున్న చెవిని మాత్రం పెళ్లిచూపులు దగ్గరపడేదాకా ఎవరూ తీసుకురారు. చెవి డాక్టరుగా నాకు గుబులు పుట్టించేది ఆ రెండో రకమే.

నొప్పి సంగతి చాలావరకు తేలిగ్గా తేలుతుంది. సాగర్ కాలవకు నీళ్లు వదిలాక పిల్లలు ఈతలు కొట్టి వస్తారు, తడి చెవిలో బూజు పడుతుంది. పెద్దవాళ్లు పిన్నీసు, అగ్గిపుల్ల, చివరికి బండి తాళం కూడా చెవిలో తిప్పుతారు. గుబిలి మురికి కాదు. చెవిలోని చర్మం లోపలి నుంచి బయటికి నెమ్మదిగా జరుగుతూ దాన్ని తనే బయటికి నెడుతుంది. మనం పుల్ల పెట్టి మళ్లీ లోపలికి కూరుతాం. తలస్నానం చేసిన రోజు అది ఉబ్బి చెవి మూసుకుపోతే, ‘నీళ్లు పోయాయండీ’ అంటారు. వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసుకురావద్దని చెప్పీ చెప్పీ అలసిపోయాను. పురుగు దూరినప్పుడు మాత్రం గోరువెచ్చని కొబ్బరినూనె రెండు చుక్కలకు నేనూ ఒప్పుకుంటాను, కర్ణభేరికి చిల్లు లేదని తెలిస్తేనే. పిల్లలు శనగగింజ పెట్టుకుంటే నీళ్లు అసలు పోయకూడదు, నాని లోపలే బిగుసుకుంటుంది.

చెవిపోటని వచ్చినా చెవిలో ఏమీ కనపడనివాళ్లూ ఉంటారు. చెవికీ దవడకూ గొంతుకూ నరాల పొత్తు ఉంది. పుచ్చిన దవడపన్ను, టాన్సిల్స్ వాపు, అరిగిన దవడ కీలు, అన్నీ చెవిలోనే పొడుస్తాయి. చుట్ట కాల్చే పెద్దాయనకు ఒకవైపే చెవిపోటు వారాల తరబడి ఉండి, చెవి శుభ్రంగా కనపడితే, గొంతు చూడకుండా పంపను. క్యాన్సర్ అక్కడ దాక్కొని చెవిలో పలకొచ్చు.

ఇక నొప్పి లేని చీము. ‘జలుబు చేసినప్పుడు కారుద్ది, ఎండాకాలం ఆగుద్ది’ అని ఇంట్లోవాళ్లే సర్ది చెబుతారు. కర్ణభేరికి చిల్లు పడి కారే చీము ఒక రకం. కొద్దికొద్దిగా, కంపు కొడుతూ కారేది వేరు. కర్ణభేరి దగ్గరి చర్మం లోపలికి పెరిగి, సంచిలా పేరుకొని ఎముకను తినేస్తుంది. కొలెస్టియటోమా అంటాం. శబ్దాన్ని మోసే బుల్లి ఎముకలు ముందు పోతాయి, తర్వాత ముఖాన్ని కదిలించే నరం, ఆ పైన మెదడు. దీన్ని చుక్కల మందుతో పోగొట్టలేం, ఆపరేషన్ చేయాల్సిందే.

వినికిడి ఎక్కడ తెగిందో తెలుసుకోవడానికి ముందుగా నేను తీసేది ట్యూనింగ్ ఫోర్కు. సెకనుకు 512 సార్లు కంపించే ఇనుప చీలిక. కరెంటు అక్కర్లేదు. మోచేతికి తట్టి చెవి వెనక ఎముక మీద ఆనిస్తాను, తర్వాత చెవి ముందు పట్టుకుంటాను. ‘ఎక్కడ గట్టిగా వినపడుతోంది పెద్దమ్మా?’ ‘ఎనకే బాగా మోగతంది నాయనా.’ అంటే దారిలో ఏదో అడ్డం ఉంది: గుబిలో, చిల్లో, బిగిసిన ఎముకో. ఇలాంటివి చాలావరకు బాగుచేయొచ్చు. వినికిడి తగ్గినా చెవి ముందే బాగా వినపడుతోందంటే నరం వైపు అనుమానం. జర్మన్ వైద్యుడు రిన్నె 1855లో చెప్పిన పద్ధతి ఇది. అదే ఫోర్కును నుదుటి మీద పెడితే వెబర్ పరీక్ష. అడ్డం ఉన్నవాళ్లకు చెడిన చెవిలో మోగుతుంది, నరం దెబ్బతిన్నవాళ్లకు మంచి చెవిలో. పరీక్ష యంత్రాలు వచ్చాక కుర్రడాక్టర్లు దీన్ని సొరుగులో పడేశారు. నాకు నచ్చదు.

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో మోత మోగే ప్రభల ముందు తెల్లార్లూ నిలబడ్డ కుర్రాళ్లు చెవిలో గీ మంటోందని వస్తారు. 85 డెసిబెల్స్ మోతను ఎనిమిది గంటలు తట్టుకోవచ్చని లెక్క. మూడు పెరిగితే ఆ గడువు సగమవుతుంది. అలా 100 దగ్గరికి వచ్చేసరికి పావుగంటే. రెండు రోజులకు గీ పోతుంది, తగ్గిపోయిందనుకుంటారు. లోపల చచ్చిన కణాలు మళ్లీ మొలవవు. పిడుగురాళ్ల సున్నపు మిల్లుల్లో, మాచర్ల వైపు నాపరాళ్లు కోసే మిషన్ల దగ్గర పనిచేసేవాళ్లకు ఈ తిరునాళ్ల రోజూ ఉంటుంది.

అందరికంటే తొందరగా రావాల్సినవాళ్లు అందరికంటే ఆలస్యంగా వస్తారు. రాత్రి బాగానే పడుకున్న మనిషికి పొద్దున లేచేసరికి ఒక చెవి పడిపోయి ఉంటుంది. నొప్పి లేదు, చీము లేదు. ఫోర్కు నుదుటి మీద పెడితే మంచి చెవిలో మోగుతుంది. ఇది నరం దెబ్బ. స్టెరాయిడ్లు మొదటి కొద్ది రోజుల్లోనే మొదలుపెడితే తిరిగొచ్చే అవకాశం ఉంటుంది, రెండు వారాలు దాటితే బాగా తగ్గిపోతుంది. ఇంట్లో గుబిలనుకొని నూనె పోస్తారు. కోతల కాలమైతే కూలీలను వదిలి రాలేరు. మిరపకాయలు గుంటూరు యార్డుకు చేరి, డబ్బు చేతికొచ్చాక గానీ ఆ చెవి నా దగ్గరికి రాదు.