ఒక్క పూత చాలు

పాత కంప్యూటర్ అమ్మేద్దామని మొన్న సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కి మోసుకెళ్లాను. కొట్లో కుర్రాడు రెండు నిమిషాలు మౌస్ కదిపి, "ఫార్మాట్ కొట్టేశా సార్, మొత్తం పోయింది" అన్నాడు. ఒళ్లు మండింది. పోవడమా! క్విక్ ఫార్మాట్ విషయసూచికను చింపుతుందంతే, పుస్తకం అలాగే ఉంటుంది. డిస్కు ఊడదీయించి ఇంటికి తెచ్చేసుకున్నాను.

ఈ విషయంలో నా చాదస్తం మీకు తెలిసిందే. గార్ఫింకెల్, షెలాట్ అనే ఎంఐటీ విద్యార్థులు 158 పాత డిస్కులు కొన్నారని, పనిచేసిన 129లో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమేనని తేల్చారని ఇక్కడ ఎన్నిసార్లు రాశానో! 1996లో పీటర్ గుట్‌మన్ చెప్పిన 35 సార్ల తిరగరాతను చాలాకాలం మడిగా పాటించాను. ఇప్పటి డిస్కులకి అదంతా అక్కర్లేదని తరవాత ఆయనే అన్నాడు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2006లో ఆ మాటే చెప్పింది: ఒక్క పూత చాలు. ఎస్‌ఎస్‌డీ సంగతి వేరు. మనం రాసింది ఏ మూల పడుతుందో దాని కంట్రోలర్ ఇష్టం. దానికి సెక్యూర్ ఎరేజ్ ఆదేశమే దారి.

పూత అంటే నాకు దొండాకే. మా బడిలో పలకని ఉమ్మితో తుడిస్తే, తడారగానే నిన్నటి ఎక్కాలు మసకగా తేలేవి. తప్పు ఎక్కం కనబడిందో, మాష్టారు నిన్నటి దెబ్బ ఇవాళ వేసేవారు. ఆదివారాలు దొండాకూ బొగ్గూ నూరి పులిమి ఎండబెట్టేవాళ్లం. ఒక్క పూతకే కొత్త పలక. వేళ్లు మాత్రం బుధవారందాకా నల్లగానే ఉండేవి.

సరే, పూత వేసే ముందు ఆ కుర్రాడి "మొత్తం" ఎంతో చూద్దామని, చెరిపేసిన ఫైళ్లు వెతికి తీసే ఫొటోరెక్ నడిపాను. పేర్లు ఊడిపోయి, అంకెలు తగిలించుకుని ఫైళ్లు వరసకట్టాయి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాన్ కార్డు, ఈ కాలమ్ చిత్తుప్రతులు. మధ్యలో ఓ ఆడియో. అమ్మ ఆవకాయ కొలతలు చెబుతోంది. "ఉప్పుకి లెక్కేంట్రా, కాయని బట్టి చూసుకోవాలి" అంటోంది. వెనక కుక్కర్ కూత. ఆరేళ్ల కిందట నా చేత్తో నేనే చెరిపేసుకుని, ఎవరికీ చెప్పుకోలేక మింగేసినది. అప్పుడు అమ్మ ఉంది.

ఇన్నేళ్లూ నేను తిట్టిపోసిన ఆ బద్ధకపు డిలీటే దాన్ని దాచిపెట్టింది.

రెండు చోట్ల కాపీ చేసుకున్నాకే సున్నాల పూత వేశాను. మర్నాడు డిస్కు తీసుకెళ్లి ఇచ్చాను.

"మళ్లీ ఎందుకు సార్ శ్రమ, నేను ఫార్మాట్ కొట్టాగా?"

"అవును నాయనా, బాగా కొట్టావు" అన్నాను.